చచ్చుబడిన చేతికి చేయూత

మీలో చాలామంది చేతిలో ఏదో ఒక పని పెట్టుకునే ఈ మాటలు వింటూ ఉంటారు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారనుకోండి. ఒక్క క్షణం మీ చేతులకేసి చూసుకోండి. ఎడమచెయ్యి కాయను పట్టుకుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొస తుంచి ఈనెను లాగుతున్నాయి. గట్టిగా పడితే కాయ నలుగుతుంది, వదులుగా పడితే జారిపోతుంది. ఎంత బిగువుతో పట్టాలో, ఎప్పుడు వదలాలో మీరు ఆలోచించడమే లేదు. ఆ లెక్కంతా మెదడు చూసుకుంటోంది. మీరు హాయిగా రేడియో వింటున్నారు.

ఆ లెక్క చూసే గుమాస్తా ఒకరోజు ఉన్నట్టుండి సీట్లో లేకపోతే? పక్షవాతం అంటే ఇంచుమించు అదే. చేతికేమీ కాదు. ఎముక విరగలేదు, కండ తెగలేదు. మెదడులో ఒకచోట రక్తనాళం మూసుకుపోయింది, లేదా చిట్లింది. అక్కడి కణాలు కొన్ని చచ్చిపోయాయి. నరాల దారులు అడ్డంగా దాటుకుని వస్తాయి గనక మెదడులో ఎడమవైపు దెబ్బతింటే కుడిచెయ్యి, కుడివైపు దెబ్బతింటే ఎడమచెయ్యి పడిపోతాయి. అంచేత చేతికి తైలాలు రాసినంత మాత్రాన చెయ్యి రాదు. పావురం రక్తం రాయమని చెప్పేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. పాపం ఆ పావురానికి తప్ప ఎవరికీ దాని వల్ల ఏమీ జరగదు.

కొన్నేళ్ల కిందట మా అత్తగారికి ఇలాగే జరిగింది. పొద్దున్నే కాఫీ గ్లాసు ఆవిడ చేతిలోంచి జారిపడింది. "ఏమిటే అమ్మాయ్, ఈ చెయ్యి నాది కానట్టుంది" అన్నారు. మాట కూడా కొంచెం ముద్దగా వచ్చింది. అసలు విషయంలోకి వెళ్లే ముందు ఇది చెప్పాలి. నోరు వంకర పోవడం, చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అనుకోకండి. నోట్లో కాఫీ గాని మాత్ర గాని వెయ్యకుండా, స్కానింగు ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకువెళ్లండి. నాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతమైతే గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. మామూలుగా అది నాలుగున్నర గంటల లోపల పడాలి.

మేము వెళ్లాం. ప్రాణం దక్కింది. కాలు త్వరగానే కూడుకుంది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన వస్తువులాగా ఉండిపోయింది. ఇంటికి వచ్చాక నేను ఏ లోటూ రానివ్వలేదు. స్నానం చేయించాను, జడ వేశాను, రవిక తొడిగాను, అన్నం కలిపి ముద్దలు పెట్టాను. ఎడంచేత్తో తినడానికి ఆవిడ చచ్చినా ఒప్పుకోలేదు లెండి. చూడవచ్చిన చుట్టాలందరూ "కన్నకూతురు కూడా ఇంత చెయ్యదమ్మా" అన్నారు. నేనూ కాస్త పొంగిపోయాననే చెప్పాలి.

రెండు నెలల తరువాత ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంటికి వచ్చింది. ఫిజియోథెరపీ మనందరికీ తెలిసిన మాటే గదా. ఈ ఆక్యుపేషనల్ థెరపీ అన్నది ముఖ్యంగా రోజువారీ పనులు, అంటే తినడం, కట్టుకోవడం, రాయడం, గిన్నె తోమడం వంటివి మళ్లీ చేయించే విద్య. ఆ అమ్మాయి మా భోజనాల వేళ పది నిమిషాలు కూర్చుని చూసి, మెల్లగా అంది: "అమ్మా, మీరు చేసేది సేవ అనుకుంటున్నారు. నిజానికి ఆ చేతికి రావలసిన పని మీరు లాక్కుంటున్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. కోపమూ వచ్చింది. తరువాత ఈ విషయం మీద దొరికినంత మటుకు చదివాను, అడిగాను. అలా తెలుసుకున్నదే ఇవాళ మీతో చెబుతున్నాను.

అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోతుల మీద పరిశోధనలు చేశాడు. ఒక చేతినుంచి మెదడుకు స్పర్శ చేరవేసే నరాలను తెంచితే, కదిలే శక్తి ఇంకా ఉన్నా కోతి ఆ చేతిని వాడటం మానేసింది. మొదట్లో ప్రయత్నించింది. పట్టు దొరకలేదు, వస్తువు జారిపోయింది. దాంతో రెండో చేత్తోనే అన్నీ కానిచ్చుకోవడం మరిగింది. మంచిచేతిని కట్టేసి చూస్తే, అప్పుడు గత్యంతరం లేక ఆ పనికిరాని చేతినే వాడుకుంది! అంటే చెయ్యి కొంత దెబ్బవల్ల పోయింది. మిగతాది "ఇది ఇక పనికిరాదు" అని నేర్చుకోవడం వల్ల పోయింది. (ఆయన ప్రయోగశాలలో కోతులను ఉంచిన తీరు మీద 1981లో పెద్ద గొడవ జరిగి కోర్టుకెక్కింది. అది వేరే కథ.)

కోతి రెండో చేతిని మరిగితే, మా అత్తగారు నన్ను మరిగారు. అంతే తేడా.

మనుషుల్లో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. పక్షవాతం వచ్చి 3 నెలల నుంచి 9 నెలలైన 222 మందిని తీసుకున్నారు. కొందరికి మంచిచేతికి వేళ్లు పనిచెయ్యకుండా ఒక తొడుగు వేసి, రెండు వారాలపాటు మెలకువగా ఉన్న సమయంలో నూటికి 90 వంతులు దాన్ని ఉంచుకోమన్నారు. పగలు గంటల తరబడి పడిపోయిన చేతితోనే పనులు చేయించారు. మామూలు వైద్యం పొందినవారికన్నా వీరి చెయ్యి ఎక్కువ బాగుపడింది, ఆ బాగు ఏడాది తరువాత కూడా నిలిచింది. అయితే ఒక షరతుంది. మణికట్టునూ వేళ్లనూ కాస్తయినా పైకి లేపగలిగిన వారినే అందులో చేర్చుకున్నారు. బొత్తిగా కదలని చేతికి ఇది పనికిరాదు. పైగా మంచిచెయ్యి కట్టేస్తే నడిచేటప్పుడు పడితే ఆసరా ఉండదు. ఇంట్లో మనకు మనం తువ్వాలు చుట్టేసి చెయ్యవలసిన వైద్యం కాదది.

చచ్చిపోయిన కణాలు తిరిగి రావు గదా, మరి చెయ్యి ఎలా బాగుపడుతుంది? 1996లో ర్యాండాల్ న్యూడో అనే ఆయన బృందం దీనికి ఒక జవాబు చూపించింది. మళ్లీ కోతులే. మెదడులో చేతిని కదిలించే భాగంలో చిన్న దెబ్బ చేశారు. తరువాత పలకలో చిన్నా పెద్దా గుంటలు చేసి, వాటిల్లో మేత గుళికలు వేసి, వేళ్లతో తీసుకోమన్నారు. చిన్న గుంటలోంచి గుళిక తియ్యడం కష్టం. అదే పని రోజూ కొన్ని వందలసార్లు చేసిన కోతుల మెదళ్లను పరీక్షిస్తే, దెబ్బ చుట్టూ మిగిలిన భాగం చేతి పనిని నిలుపుకోవడమే కాక, కొన్నింటిలో పక్క భాగాన్ని కూడా ఆక్రమించింది. పని చెప్పకుండా వదిలేసిన కోతుల్లో మాత్రం మిగిలిన భాగం కూడా చేతిని వదిలేసింది.

గుంటలు, గింజలు అనగానే మీకేం గుర్తొస్తోంది? నాకు మాత్రం మా అమ్మమ్మగారి వామనగుంటల పీటే గుర్తొచ్చింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇక్కడ గట్టిగా పట్టుకోవలసిన మాట "కొన్ని వందలసార్లు". థెరపీ గదిలో నిజంగా ఎన్నిసార్లు జరుగుతోందో 2009లో అమెరికా పరిశోధకులు పక్కన కూర్చుని లెక్కపెట్టారు. చేతితో పనికొచ్చే కదలికలు ఒక్కొక్క విడతలో సగటున 32 అని తేలింది. వందలు కావలసిన చోట ముప్ఫై రెండు! ఇది థెరపిస్టుల తప్పని నేను అనను. బరువైన చేతిని పట్టుకుని మూడువందలసార్లు ముందుకీ వెనక్కీ నడిపించి చూడండి, మీ నడుమే పడిపోతుంది. ఇదిగో, యంత్రం వచ్చింది ఈ ఖాళీలోకే.

రోబో అనగానే సినిమాల్లో నడిచే ఇనుపమనిషిని ఊహించుకోకండి. ఈ చికిత్సకు పేరుమోసిన యంత్రం అమెరికాలోని ఎం.ఐ.టి.లో నెవిల్ హోగన్, హెర్మానో క్రెబ్స్ అనే ఇంజనీర్ల చేతిలో 1989లో పుట్టడం మొదలుపెట్టింది. చూడటానికి అదొక బల్ల. దాని మీద మడిచి చాచే ఒక లోహపు చెయ్యి, చివర పిడి. రోగి ఆ పిడి పట్టుకుంటాడు, పట్టు లేకపోతే పట్టీతో కడతారు. ఎదురుగా తెర మీద మధ్యన ఒక చుక్క, చుట్టూ గుండ్రంగా చుక్కలు. మధ్య చుక్కనుంచి చుట్టూ ఉన్న చుక్కల దాకా పిడిని జరపాలి. మన ముగ్గు చుక్కలే అనుకోండి.

దాని తెలివి ఎక్కడుందంటే, వెంటనే తోసెయ్యదు. కాసేపు ఆగి చూస్తుంది. మీరు కదిపితే ఊరుకుంటుంది. సగం దూరం వెళ్లి ఆగిపోతే అక్కడినుంచి మాత్రం సాయం పడుతుంది. దారి తప్పితే మెల్లగా సర్దుతుంది. రేపు మీరు ఇంకొంచెం ఎక్కువ చెయ్యగలిగితే తన సాయాన్ని అంత తగ్గించుకుంటుంది. పిల్లవాడికి సైకిలు నేర్పే తండ్రి వెనక సీటు పట్టుకున్నట్టే పట్టుకుని, ఎప్పుడు వదిలాడో తెలియనివ్వకుండా వదిలేస్తాడు చూశారూ, అలాగ. నేను ముద్దలు పెట్టినట్టు మాత్రం కాదు. ఒక విడతలో వెయ్యి కదలికల దాకా చేయించగలదు, విసుక్కోదు, ఫోను రాగానే లేచి వెళ్లదు.

ఇంత మంచి యంత్రం గదా, దీనితో చెయ్యి వచ్చేసినట్టేనా? కాదు. ఈ విషయం ప్రకటనల్లో చెప్పరు గనక కొంచెం వివరంగానే చెప్పాలి. 2010లో అమెరికాలో 127 మందితో జరిపిన పరీక్షలో, పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లకు రోబోతో 12 వారాలు చికిత్స చేశారు. ఇంకొక వర్గానికి అంత ఉధృతంగానూ మనుషులే చేయించారు. 12 వారాల చివర రోబో వర్గం తక్కిన వాటికన్నా చెప్పుకోదగినంత ముందేమీ లేదు. 36 వారాల దగ్గర మామూలు వైద్యంకన్నా కొంచెం మెరుగు కనిపించింది. 2019లో బ్రిటన్‌లో మరీ పెద్ద పరీక్ష, 770 మందితో జరిగింది. అందులోనూ మామూలు వైద్యంకన్నా రోబో వల్ల రోజువారీ పనుల్లో చెయ్యి ఎక్కువ పనికివచ్చిందని తేలలేదు. చుక్కనుంచి చుక్కకు పిడి జరపడం బాగా వచ్చింది గాని, ఆ నేర్పు చెంబు ఎత్తడంలోకి దానంతటది దిగిరాలేదన్నమాట.

అయితే యంత్రాలన్నీ దండగేనా? అలా అనడానికీ నాకు నోరు రాదు. చిన్న పరీక్షలన్నీ కలిపి చూసినవారికి కొంత మేలు కనిపిస్తూనే ఉంది. థెరపిస్టులు తక్కువగా ఉన్న మనవంటి దేశంలో ఒకరు ఇద్దరు ముగ్గురిని ఒకేసారి చూసుకోవడానికి యంత్రం ఉపయోగపడుతుంది. తనంతట తాను కదలిక మొదలుపెట్టలేని చేతికి మొదటి తోపు అదివ్వగలదు. అందుకే వెల్లూరు సి.ఎం.సి. ఆస్పత్రి, మద్రాసు ఐ.ఐ.టి. వాళ్లు కలిసి ప్లూటో అనే చిన్న యంత్రం తయారుచేశారు. దానికి ఒకటే మోటారు. తగిలించే పిడులు మారుస్తూ ఉంటే ఒకదానితో మణికట్టు పైకీ కిందికీ వంచడం, ఒకదానితో తాళం తిప్పినట్టు ముంజేయి తిప్పడం, ఇంకోదానితో వేళ్లు తెరిచి మూయడం నేర్పుతుంది. మిక్సీ ఒకటే, జార్లు మార్చుకుంటాం చూడండి, అలాంటిదే. బల్ల మీద పట్టేటంతే ఉంటుంది.

రెండో రకం కరెంటుతో పనిచేసేవి. ముంజేతి మీద రెండు అంటుడు బిళ్లలు పెట్టి సన్నని కరెంటు పంపితే కండరం ముడుచుకుని వేళ్లు తెరుచుకుంటాయి. చీమలు పాకినట్టుంటుంది గాని నొప్పి ఉండకూడదు. కరెంటు దానంతటది కొడుతుంటే మనం సీరియలు చూస్తూ కూర్చోవడం కాదు, "వేళ్లు తెరవాలి" అని మనమూ అదే క్షణంలో ప్రయత్నించాలి. మన ప్రయత్నాన్ని పసిగట్టి ఆ తరువాతే కరెంటు ఇచ్చే రకాలూ ఉన్నాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు వీటి జోలికి పోరాదు. మూర్ఛలున్నవారు డాక్టరును అడక్కుండా పెట్టుకోరాదు.

మూడోది ఛాతీలో ఒక చిన్న పరికరం అమర్చి, మెడలోని వేగస్ అనే నరానికి మెల్లగా కరెంటు తగిలించడం. చెయ్యి సరిగ్గా కదిలిన ఆ క్షణంలో థెరపిస్టు మీట నొక్కుతుంది. "శభాష్, ఇది గుర్తుపెట్టుకో" అని మెదడుకు చెప్పినట్టు. 108 మందితో జరిపిన పరీక్ష 2021లో వెలువడింది. చికిత్స ముగిసిన మూడు నెలలకు పరికరం పనిచేసినవారిలో నూటికి 47 మందికి చెప్పుకోదగిన మేలు కలిగితే, అదే కసరత్తు ఉత్తిగా చేసినవారిలో 24 మందికి కలిగింది. అమెరికా ప్రభుత్వం అదే ఏడు దీన్ని అనుమతించింది. ఆపరేషనుతో కూడినది, ఖరీదైనది. కాని చూడండి, ఇక్కడ కూడా వందలసార్లు చెయ్యి కదపక తప్పలేదు. మీట ఒక్కటీ ఏమీ చెయ్యదు.

ఇన్ని యంత్రాల మధ్య నాకు బాగా నచ్చినది మాత్రం అద్దం. మద్రాసులో వైద్యం చదువుకుని అమెరికాలో స్థిరపడిన వి. ఎస్. రామచంద్రన్ గారు, తీసేసిన చెయ్యి ఇంకా నొప్పి పెడుతోందని బాధపడేవారికోసం 1990 దశకంలో ఈ అద్దం పెట్టె ఉపాయం కనిపెట్టారు. తరువాత 1999లో ఆయనా తోటివారూ పక్షవాతం వచ్చిన తొమ్మిది మంది మీద ప్రయత్నించి చూశారు. ఆ తరువాత జరిగిన అరవైకి పైగా పరిశోధనలను 2018లో కలిపి చూస్తే, మామూలు వ్యాయామానికి తోడుగా ఇది పనికివస్తుందని తేలింది.

చెయ్యడం చాలా తేలిక. బల్ల మీద అద్దాన్ని ఛాతీకి ఎదురుగా నిలువుగా, అడ్డుగోడలాగా నిలబెట్టాలి. పడిపోయిన చెయ్యి అద్దం వెనక, కంటికి కనబడకూడదు. మంచిచెయ్యి అద్దం ముందు. ఇప్పుడు మంచిచేతిని మెల్లగా తెరిచి మూస్తూ అద్దంలోకి చూడాలి. అద్దంలో కనబడే చెయ్యి అచ్చంగా పడిపోయిన చెయ్యే లేచి పనిచేస్తున్నట్టుంటుంది. వెనకనున్న చెయ్యి కూడా చేతనైనంత మటుకు అలాగే చెయ్యాలని ప్రయత్నించాలి. మంచిచేతికి ఉంగరాలు, గాజులు ఉంటే ఆ భ్రమ చెడుతుంది, తీసెయ్యాలని థెరపిస్టు అంది. మామగారు ఎదురుగా కూర్చుని ఉండగా గాజులు తియ్యడమా! మా అత్తగారు అద్దాన్నే అవతలికి నెట్టేశారు. ఆ అమ్మాయి నవ్వి, "తియ్యక్కర్లేదు అత్తయ్యగారూ, రెండో చేతికీ అవే గాజులు వేద్దాం" అంది. వాపు లేదు గనక సరిపోయింది. చెయ్యి వాచి ఉంటే మాత్రం ఆ చేతికి ఉంగరాలు, బిగుతు గాజులు ఉంచకూడదు. మొదటిరోజు అద్దంలో తన కుడిచెయ్యి తెరుచుకోవడం చూసి ఆవిడ ఏడ్చేశారు. భ్రమే అని తెలుసు. అయినా ఏడ్చారు.

ఇక ఆటలు. తెర ముందు చెయ్యి ఊపుతూ ఆడే వీడియో గేములు కూడా చికిత్సకు వాడుతున్నారు. కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయిలాండు దేశాల్లో 141 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం చేత వీడియో గేములు, రెండో వర్గం చేత పేకాట, బంతాట, చెక్కముక్కలు పేర్చే ఆటలు ఆడించారు. 2016లో వెలువడిన ఫలితం ఏమిటంటే, రెండు వర్గాలూ సమానంగానే బాగుపడ్డాయి! ఇది చదివిన రోజునే నేను అటక మీదనుంచి వామనగుంటల పీట దింపించాను.

పధ్నాలుగు గుంటలు, గుప్పెళ్లకొద్దీ చింతపిక్కలు. గుంటలోంచి గింజలన్నీ ఊడ్చి గుప్పిట పట్టాలి. తరువాత ఒక్కొక్కటే బొటనవేలితో జార్చి వరసగా గుంటల్లో వెయ్యాలి. పట్టుకోవడం, పట్టు నిలపడం, కావలసినంత మాత్రమే వదలడం, మూడూ అందులో ఉన్నాయి. మొదట్లో ఆవిడకు పిక్కలు చిక్కలేదు. పిక్కల బదులు నిమ్మకాయలు ఒక గిన్నెలోంచి ఇంకొక గిన్నెలోకి మార్చడంతో మొదలుపెట్టాం. తరువాత వక్కలు, తరువాత పెద్ద శనగలు. ఆ పైన పిక్కలు. ఒక ఆటలో ఎన్ని గింజలు పడతాయో మీరే లెక్కవేసుకోండి, ముప్ఫై రెండు ఏ మూలకు?

మనం ఇంట్లో చేయించగల పనులు ఇంకా ఉన్నాయి. రెండు చేతులూ తువ్వాలు మీద పెట్టి బల్లను ముందుకూ వెనక్కూ తుడవడం భుజానికీ మోచేతికీ మంచిది. డబ్బా మూత తీసేటప్పుడు పడిపోయిన చేత్తో డబ్బాను అదిమి పట్టించవచ్చు. బట్టలు మడత పెట్టించవచ్చు, దండెం క్లిప్పులు తీయించవచ్చు. చపాతీ పిండి నొక్కించేకన్నా, ముద్దను వేళ్లతో వెడల్పుగా పరిపించడం మేలు. ఎందుకంటే ఈ జబ్బులో వేళ్లు మూసుకోవడం ముందు వస్తుంది, తెరుచుకోవడమే రాదు. పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఒక స్పంజి బంతి తెచ్చి "నొక్కుతూ ఉండండి పిన్నిగారూ" అంటారు. వేళ్లు బిగుసుకుపోతున్న చేతికి అది పనికిరాకపోగా బిగువును ఇంకా పెంచవచ్చు. మా ఇంట్లో ఆ బంతులన్నీ పిల్లలు ఆడుకున్నారు.

ఇంకొక సంగతి. మోటారు ఉన్న తొడుగులు, చెయ్యి పెట్టగానే వేళ్లను అదే తెరిచి అదే మూసేవి, ఇప్పుడు ఇంటర్నెట్‌లో విరివిగా అమ్ముతున్నారు. ఆదివారం పేపరు తిరగేసినా కనిపిస్తాయి. కీళ్లు బిగుసుకుపోకుండా ఉండటానికి అవి కొంత పనికిరావచ్చు. రోగి ప్రయత్నం అందులో లేదు గనక చేతికి పని నేర్పవు. ఏ పరికరం కొనబోయినా అమ్మేవాణ్ణి అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఇది మనిషి ప్రయత్నం కోసం ఆగుతుందా, లేక తనే చేసేస్తుందా?" రెండోదైతే థెరపిస్టుతో మాట్లాడనిదే డబ్బు కట్టకండి. ఆ డబ్బుతో కొన్ని నెలలు మంచి థెరపిస్టును పెట్టుకోవచ్చేమో చూడండి.

జాగ్రత్తలు కొన్ని. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని మంచం మీదనుంచి లేపకండి. భుజం కీలును పట్టి ఉంచే కండలు వదులైపోయి ఉంటాయి, కీలు జారి తీరని నొప్పి పట్టుకుంటుంది. నడుము దగ్గర, వీపు దగ్గర పట్టుకుని లేపాలి. కూర్చున్నప్పుడు ఆ చేతికింద దిండు ఉండాలి, వేలాడకూడదు. రవిక తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది ఆఖరున. స్పర్శ తగ్గిన చేతికి వేడి తెలియదు, అంచేత పొయ్యి దగ్గర, వేడినీళ్ల సంచీ దగ్గర మనకళ్లే ఆ చేతికి కాపలా.

ఇదంతా విని "అయితే ఇంట్లో మనమే చేసేసుకుంటాం, థెరపిస్టు ఎందుకు?" అనుకుంటారేమో. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1250 మందితో ఆ పరీక్ష చేసి 2017లో ఫలితం ప్రకటించారు. ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చి వాళ్లచేతనే వ్యాయామాలు చేయిస్తే, ఆరు నెలల తరువాత రోగుల స్థితిలో తేడా ఏమీ కనబడలేదు. ఇది నాకు మింగుడుపడలేదు, అయినా దాచను. నాకు అర్థమైనంతలో, ఇంటివారి ప్రేమ ఒక్కటీ చాలదు. ఏ పని ఎంత కష్టంగా ఇవ్వాలో, ఎప్పుడు పెంచాలో చూసే కన్ను కావాలి. మా థెరపిస్టు వారానికి ఒక్కసారే వచ్చేది, కాని వచ్చినప్పుడల్లా పనిని ఒక మెట్టు కష్టం చేసి వెళ్లేది. ఎక్కువ బాగు మొదటి మూడు నెలల్లో వస్తుంది. నేను రెండు నెలలు ముద్దలు పెట్టి పోగొట్టాను. ఆ తరువాత కూడా బాగు ఆగిపోదు గాని, నెమ్మదిస్తుంది.

చివరగా, పక్షవాతం ఇంటి ఇల్లాలికే వస్తే? మగవారికి వస్తే భార్య పక్కన కూర్చుని పిక్కలు లెక్కపెడుతుంది. ఆడవారికి వస్తే పనిమనిషిని పెట్టి, "నువ్వింక హాయిగా కూర్చో" అంటారు. అదీ ప్రేమే. కాని ఆ చేతికి నలభై ఏళ్లుగా తెలిసిన పనులన్నీ వంటింట్లోనే ఉన్నాయి, ఆ వంటింటికే ఆవిడను దూరం చేస్తారు. ఆవిడను లోపలికి రానివ్వండి. పప్పు ఏరడానికి అరగంట పడితే పట్టనివ్వండి. ఒలికితే ఒలకనివ్వండి.

మా అత్తగారు ఇప్పటికీ ముగ్గు వెయ్యలేరు. పిండి చిటికెలో నిలవదు, చుక్క పెద్దదైపోతుంది. సన్నపని, కుట్టుపని పోయినట్టే. కుళాయి తిప్పుతారు, తలుపు గడియ వేస్తారు, కొంగు సర్దుకుంటారు. పెరుగన్నం చెంచాతో, పప్పన్నం చేత్తో, కొంచెం ముందుకు వంగి, కుడిచేత్తోనే తింటారు. మెతుకులు పళ్లెం చుట్టూ పడతాయి. వామనగుంటల్లో మాత్రం నన్ను ఓడిస్తున్నారు. నిన్న నా గింజలు రెండు ఎక్కువ ఊడ్చేశారని నేనంటే, "చెయ్యి సరిగ్గా రాదే అమ్మాయ్" అన్నారు.